ఎండకూ వానకూ నిలిచే బల్ల: అపోహలు – వాస్తవాలు

నేను సొంతంగా చేసిన మొదటి పెరటి బల్ల రెండో వానాకాలానికే కాళ్ల దగ్గర చివికిపోయింది. మంచి టేకు, ఖరీదైన వార్నిష్ వాడాను. ఆరుబయట బల్లకు కావలసింది నీటిని అడ్డుకోవడం కంటే, పడ్డ నీరు నిలవకుండా పోయే దారి అని అప్పుడే తెలిసింది. సెలవు రోజుల్లో చిత్రిక పట్టేవారిలో చాలామంది నమ్మే మాటలు ఇవి.

అపోహ: టేకు అయితే చాలు, ఎంత తడిసినా ఏమీ కాదు.
వాస్తవం: టేకుకు ఆ పేరు తెచ్చింది దాని చేవ. మాను నడుమ ముదురు రంగులో ఉండే ఆ భాగంలోని సహజ నూనెలు, రసాయనాలు బూజునూ చెదలనూ తట్టుకుంటాయి. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ బలం లేదు. లేత చెట్ల కర్రలో ఈ తెల్ల భాగమే ఎక్కువ. అడితిలో పలకను తిప్పి అంచులు చూసి కొనండి.

అపోహ: వార్నిష్ దట్టంగా పూస్తే నీరు లోపలికి పోదు.
వాస్తవం: వార్నిష్ చెక్క మీద పొరలా గట్టిపడుతుంది. కింద చెక్క ఉబ్బి తగ్గుతుంటే, పైన ఎండ కాస్తుంటే ఆ పొర పగులుతుంది. పగుల్లోంచి దిగిన నీరు త్వరగా ఆరదు. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే కుళ్లు మొదలయ్యే ప్రమాదం ఉంది. చెక్కలోకి ఇంకే నూనె పూత పగలదు. ఏటా వానలకు ముందు మళ్లీ పూయవచ్చు. కొబ్బరి, పల్లీ నూనెలు ఆరవు, జిడ్డుగానే ఉంటాయి. అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి, ఆరుబయట విడివిడిగా ఆరేయండి.

అపోహ: పలకల మధ్య సందు కనిపిస్తే పనితనం తక్కువ.
వాస్తవం: చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మారుతుంది. వేసవి పొడికీ వానాకాలపు తేమకూ మధ్య ఆరంగుళాల టేకు పలక ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగవచ్చు. ఆరు పలకలు అతికించి బిగిస్తే ఆ పెరుగుదల సెంటీమీటరు దాకా పోతుంది. చోటు లేక బల్ల వంగుతుంది, లేదా చీలుతుంది. అయిదారు మిల్లీమీటర్ల సందు వదిలితే పలక కదలడానికి చోటు, వాననీటికి దారి రెండూ దొరుకుతాయి.

అపోహ: లోపల దాగే స్క్రూ ఏదైనా ఒకటే.
వాస్తవం: ఇనుప స్క్రూ తడికి తుప్పు పట్టి, చుట్టూ చెక్కను నల్లబరుస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో 316 రకం మేలు. ముందుగా బెజ్జం వేసి బిగిస్తే పలక చీలదు.

అపోహ: బూడిద రంగుకు తిరిగితే చెక్క పాడైనట్టే.
వాస్తవం: ఎండ తగిలి పైపొరలోని లిగ్నిన్ విరిగిపోతుంది, వాన దాన్ని కడిగేస్తుంది. ఆ మార్పు పైపైనే. అసలు చూడాల్సింది కాళ్ల అడుగులు. అడ్డంగా కోసిన ఆ ముఖం నేలలోని తడిని త్వరగా పీల్చుకుంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే అది కుళ్లు. కాళ్ల అడుగులకు ఎపాక్సీ పట్టించి, కింద రబ్బరు బిళ్లలు పెడితే నేల తడి అంటదు.

పెద్ద వాన వెలిసిన మర్నాడు బల్లంతా చేత్తో తడిమి చూడండి. ఎక్కడ ఇంకా తడిగా తగులుతుందో, రేపు చివికేది అక్కడే. ముందుగా అక్కడ నీటికి దారి చేయండి.