మీకు తెలుసా? దారి తప్పే పలిస పిట్ట
పలిస పిట్ట, అంటే గులాబీ గోరింక, పొడినేలల పక్షి. కజకిస్తాన్ చుట్టుపక్కల గడ్డి మైదానాల్లో మిడతలు దండిగా ఉన్నచోట గుంపుగా గూళ్లు పెడుతుంది. చలికాలానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప, శనగ చేల వైపు దిగుతుంది. తల, రెక్కలు నల్లన. వీపు, పొట్ట లేత గులాబీ. జొన్న కంకి మీద వాలితే రైతు వడిసెల తీస్తాడు, చేలో పురుగుల్ని ఏరి తిన్న సంగతి మాత్రం లెక్కలోకి రాదు. వసంతం దగ్గరపడితే బూరుగు, మోదుగ పూల తేనెకు ఎగబడుతుంది, నుదుటికి పుప్పొడి అంటుతుంది.

మిడతలు దొరక్కో, సంతతి పెరిగిపోయో కొన్ని ఏళ్లలో గుంపులు పడమటికి సాగిపోతాయి. 2002, 2018 వేసవుల్లో బ్రిటన్ దాకా కనిపించాయి. శరత్కాలంలో అక్కడికి చేరేవి ఎక్కువగా ఇంకా గులాబీ రంగు రాని, మట్టిరంగు పిల్ల పక్షులే.