పత్తిగింజయు పురుషబీజమును

దసరా మొదలుకొని సంక్రాంతి దాటువఱకు ట్రాక్టర్లలోను లారీలలోను ఆదోని మార్కెట్ యార్డునకు వచ్చి చేరు పత్తి, జిన్నింగు మిల్లులలో దూదిగను గింజగను విడివడిన పిమ్మట, దూది బేళ్లుగా కట్టబడి దూరదేశములకు తరలిపోవుచుండగా, గింజ మాత్రము నూనెమిల్లు త్రోవ పట్టును. ఆ గింజ నొకదానిని బ్లేడుతో నిలువునా చీల్చి చూచినచో, లేతపసుపు పప్పునందు ఆవగింజకంటె చిన్నవైన నల్లని చుక్కలు చల్లినట్లు కనబడును. పురుగులనుండి తన్ను కాచుకొనుటకు పత్తిమొక్క దాచుకొనిన గాసిపాల్ అను విషపదార్థ మందే యున్నది. పురుషుని జననేంద్రియ వ్యవస్థలో రెండు వేఱువేఱు పనులు ప్రక్కప్రక్కనే జరుగుచున్నవను సంగతికి ఈ చుక్కలకంటె మంచి సాక్ష్యము నాకు కనబడలేదు.

చైనాలో పత్తి పండించు కొన్ని పల్లెలయందు, గింజలను వేడిచేయక పిండిన ముడినూనెను వంటకు వాడిన కుటుంబములలో ఏండ్ల తరబడి పిల్లలు పుట్టకపోవుట 1950ల నాటికి వైద్యుల దృష్టికి వచ్చెను. స్త్రీలకు ముట్టు తప్పుటయు కలదు గాని, లోపము ప్రధానముగా పురుషులదే యనియు, దానికి కారణము గాసిపాలే యనియు తేలిన తరువాత, 1970లలో ఆ దేశపు వైద్యులు దీనినే పురుషుల గర్భనిరోధక మాత్రగా మార్చదలచి ఎనిమిది వేలమందికి పైగా ఇచ్చి చూచిరి. రోజునకు 20 మిల్లీగ్రాముల చొప్పున రెండు మూడు నెలలు మ్రింగినవారిలో నూటికి తొంబదితొమ్మిదిమందికి శుక్రకణములు దాదాపు అడుగంటెను. అయితే కొందఱి రక్తమున పొటాషియము తగ్గి కండరములు చచ్చుబడుటయు, మాత్ర మానినను కొందఱికి సంతానశక్తి మరలి రాకపోవుటయు చూచి, 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రయత్నమును చాలింపుమనెను. అంగడిలో దొరకు పత్తినూనె క్షారముతో శుద్ధియై గాసిపాలును పోగొట్టుకొని వచ్చునది గనుక మన వంటయింటికి భయము లేదు. పత్తిచెక్క తిను గేదె కడుపులోని సూక్ష్మజీవులును ఆ విషమును చాలవఱకు కట్టివేయును.

ఈ కథలో మనము గమనింపవలసినది వేఱొకటి కలదు: ఆ పురుషులలో శుక్రకణములు నశించెను గాని మీసము రాలలేదు, కంఠస్వరము మాఱలేదు, దాంపత్యసుఖమునకు లోటు రాలేదు. ఇది యెట్లు పొసగెనో తెలియవలెనన్న వృషణము లోపలికి పోయి చూడవలెను. అందు సుమారు 250 గదులును, గదికొక్కటి మొదలు నాలుగు వఱకు వెండ్రుకవలె సన్నని నాళికలును కలవు. శుక్రకణములు పుట్టునది ఆ నాళికల గోడలయందు. వానిని పెంచి పోషించు దాదికణములను ఇటలీ దేశీయుడైన సెర్టోలి 1865లో వర్ణించెను. నాళికల వెలుపల, వాని నడుమ నుండు సందులలో, 1850లో జర్మను శాస్త్రజ్ఞుడు లైడిగ్ గుర్తించిన మఱియొక జాతి కణములు టెస్టోస్టిరాను అను హార్మోనును తయారుచేసి తిన్నగా రక్తములోనికి వదలుచుండును. గడ్డము, కండబలము, కామేచ్ఛ, వీనికెల్ల మూలమది. మగతనమునకు రక్తము త్రోవ, సంతానమునకు నాళము త్రోవ. ఒకటి చెడినను రెండవది చెక్కుచెదరక యుండవచ్చును.

నాళము త్రోవ మిక్కిలి సుకుమారమైనది. శరీరపు వేడికంటె రెండు మొదలు నాలుగు డిగ్రీలు తక్కువగా ఉన్నగాని శుక్రకణముల ఉత్పత్తి సరిగా సాగదు గనుకనే, గర్భస్థశిశువు కడుపులో పుట్టిన వృషణములు ప్రసవమునకు ముందే క్రిందికి దిగి తిత్తిలోనికి చేరుచున్నవి. నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి సుమారు ముగ్గురికి అవి దిగక నిలిచిపోవును. అట్టి బిడ్డకు ఏడాదిన్నర లోపల శస్త్రచికిత్స చేయింపవలెను. "పెద్దయినచో అదే దిగును" అను నాయనమ్మల మాట నమ్మి పదేండ్లు గడపుట పొరపాటు. తిత్తి చలికి ముడుచుకొని, ఎండకు సాగును. పైకి పోవు చల్లని సిరలు క్రిందికి వచ్చు వెచ్చని ధమనిని చుట్టుకొని దాని వేడిని లాగుకొనును. నూటికి పదునైదుమంది పురుషులలో ఈ సిరలు ఉబ్బి ఆ ఏర్పాటు సడలుచుండును.

నాళికలలో పుట్టిన కణము రూపు దిద్దుకొనుటకు సుమారు 74 దినములు పట్టును. అప్పటికిని దానికి ఈత రాదు. వృషణము వెనుక ఎపిడిడైమిస్ అను సన్నని గొట్టము కలదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో కండె చుట్టుట చూచినవారికి, విప్పినచో ఆఱు మీటర్లు సాగు ఆ గొట్టము అంగుళమున్నర చోటున ఎట్లిమిడెనో చెప్పనక్కఱలేదు. అందు పది పండ్రెండు దినములు నడచునప్పుడే కణమునకు చలనము అబ్బును. అక్కడినుండి శుక్రనాళము దానిని పొత్తికడుపులోనికి గొనిపోగా, శుక్రాశయములును ప్రోస్టేట్ గ్రంథియు తమ ద్రవములను కలుపును. వీర్యమున వృషణమునుండి వచ్చినది నూటికి అయిదు పాళ్లైనను ఉండదు.

కనుకనే వేసెక్టమీలో ఆ నాళమును కోసి ముడివేసినను వీర్యము పరిమాణము తగ్గినట్లు కంటికి తెలియదు, హార్మోను ఎప్పటివలెనే రక్తములోనికి పోవుచుండును. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి సుమారు డెబ్బదిమంది ఆపరేషను చేయించుకొనియుండగా, పురుషుల వాటా ఒక శాతమైనను లేదు. కడుపు కోయించుకొనుటకు భార్యను పంపి, పది నిమిషముల చిన్న గాటునకు "బలము పోవును" అని వెనుదీయు భర్తలు రెండు త్రోవలను ఒకటిగా భావించుచున్నారు.

పిల్లలు లేని యింటను ఇదే భ్రమ. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్ వద్ద డీబీసీపీ అను పురుగుమందు తయారుచేయు కార్మికులు, తమలో ఎవరికిని బిడ్డలు పుట్టుటలేదని మాటల సందర్భమున తామే గ్రహించి పరీక్ష చేయించుకొనగా, పలువురిలో శుక్రకణములు లేకపోవుటయో మిక్కిలి తక్కువగా నుండుటయో బయటపడెను. వారు దృఢకాయులే. సంతానము కలుగని దంపతులలో దాదాపు సగముమంది విషయమున పురుషుని పాత్రయు కలదు. ఐనను కోడలికి స్కానింగులును సూదులును మొక్కులును అన్నియు ముగిసిన తరువాతగాని కొడుకును పరీక్షకు పంపరు. నొప్పి లేనిదియు, ఖర్చు తక్కువైనదియు అతని పరీక్షయే.

రెండు మొదలు ఏడు దినములు సంయోగము లేకుండ ఉండి ఇచ్చిన నమూనాను గంటలోపల సూక్ష్మదర్శిని క్రింద చూడవలెను. మిల్లీలీటరునకు కోటి అఱువది లక్షల కణములు కనీసపు హద్దు. ఎమ్మిగనూరులో సీసాలో పట్టి కర్నూలు బస్సెక్కినచో దారిలోనే కణములు జడములగును గనుక ల్యాబులోనే ఇచ్చుట మేలు. ఫలితము బాగుండనిచో మఱియొకసారి చేయింపవలెను. మందు వాడినను, వేడి పని మానినను, దాని గుణము ఆ 74 దినములు గడచిన తరువాతగాని వీర్యమున కనబడదు కావున మూడు నెలలు ఆగుడని వైద్యులు చెప్పుదురు.