సొంత బండి కొనేముందు

మన హాస్టల్‌లో పదో తరగతితో చదువు ఆపి స్టీరింగ్ పట్టిన మిత్రులు చాలామందే ఉన్నారు. ఎవరిని కదిపినా "ఎన్నాళ్ళని జీతానికి నడుపుతాం, ఒక బండి కొనుక్కుంటే చాలు" అంటారు. మా ఇంట్లోనూ ఆ మాటే నడిచింది. మా అమ్మానాన్నలు పాలమూరు నుంచి నిజాంపేటకు అపార్ట్‌మెంట్ల పనికి వచ్చినవారు. మేము ఈనాడు పి.జి. చదువుతున్నామంటే అన్న చదువు మానేసి డీసీఎం మీద క్లీనరుగా ఎక్కినందువల్లనే. కనుక ఇది పుస్తకాలు చూసి రాస్తున్నది కాదు.

ముందు లైసెన్సు సంగతి. సరుకుల బండి నడపడానికి 20 ఏళ్ళు నిండాలి. లోడుతో కలిపి బండి బరువు 7,500 కిలోలు మించకపోతే ఎల్.ఎం.వి. లైసెన్సు చాలు. సుప్రీంకోర్టు ఈ మాట 2017లో చెప్పింది, 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం దానినే ఖాయం చేసింది. అంతకు మించిన లారీకైతే ఎల్.ఎం.వి. తీసుకుని ఏడాది గడిచాకే లర్నింగ్ ఇస్తారు. లోడుతో కలిపి 3,000 కిలోల లోపు బండికి పర్మిట్ కూడా అక్కరలేదు. 2005లో వచ్చిన టాటా ఏస్, మనవాళ్ళు ఛోటా హాతీ అనేది, ఈ లెక్కలోకే వస్తుంది. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ మాత్రం ఏ బండికైనా తప్పవు.

అసలు దెబ్బ తగిలేది కొనేచోట. అన్న మొదటిసారి సెకండ్ హ్యాండ్ ఏస్ తీసుకున్నాడు. అమ్మ చెవి కమ్మలు కుదువబెట్టి, తెలిసినవారి దగ్గర చేబదులు తెచ్చి కట్టాము. అమ్మినాయన ఆర్.సి. చేతికిచ్చి "పేరు తర్వాత మార్చుకోవచ్చులే తమ్మీ" అన్నాడు. అయిదో నెలలో ఫైనాన్స్ వాళ్ళు వచ్చి, పాత ఓనరు కిస్తీలు బాకీ ఉన్నాడని, లోడు దించుతుండగానే బండి పట్టుకుపోయారు. ఆర్.సి. మీద ఆ ఫైనాన్స్ పేరు అచ్చయి ఉంది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినది మేమే, చూడనిదీ మేమే. ఆ రాత్రి అన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

అందుకని మిత్రులారా, పాత బండి కొనేటప్పుడు ఆర్.సి.లో హైపోతికేషన్ అనే గడి చూడండి. అక్కడ ఫైనాన్స్ పేరు ఉంటే వారిచ్చిన ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికి రానిదే డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకు 29, 30 ఫారాల మీద డబ్బు ఇచ్చేరోజే సంతకాలు చేయించుకోండి.

రెండో బండికి అన్న మూడేళ్ళు మళ్ళీ జీతానికి నడపవలసి వచ్చింది. ఈసారి లెక్కల పుస్తకం మేము పెట్టాము. మా చదువు ఇంటికి మొదట పనికివచ్చింది అందులోనే. నెల తిరిగేసరికి ఒకటి తెలిసింది: బండిని పోషించేది కిరాయి కాదు, తిరుగు కిరాయి. ఒకసారి ఇల్లు ఖాళీ చేసే సామాను ఎల్.బి. నగర్‌కు 1,800కు మాట్లాడుకున్నాడు. పోనురాను 70 కిలోమీటర్లు, డీజిలుకే సుమారు 500. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ. ట్రాఫిక్‌లో రోజంతా పోయింది. అదే రోజు నిజాంపేట రోడ్డు మీది టైల్స్ దుకాణం నుంచి బాచుపల్లికి మూడు చిన్న ట్రిప్పులు వేసి ఉంటే అంతకన్నా మిగిలేది.

పని అడ్డా మీద నిలబడితే దొరకదని కాదు, దొరుకుతుంది. కాని అక్కడ ముందు వచ్చిన బండ్లకు వరుస ఉంటుంది, కొత్తవాడు ఆగాలి. పోర్టర్ వంటి యాప్‌లో పేరు నమోదు చేసుకుంటే ఖాళీ రోజున కిరాయి వస్తుంది, ధర మాత్రం మన చేతిలో ఉండదు. నిలకడగా పిలిచేవారు వేరు: ప్లైవుడ్, శానిటరీ దుకాణాలవారు, ఇంటీరియర్ మేస్త్రీలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్లు. ఐ.టి. ఉద్యోగులు నెలాఖరున ఫ్లాట్లు మారతారు. ఎవరు ఖాళీ చేస్తున్నారో వాచ్‌మన్‌కు ముందే తెలుస్తుంది. అన్న తన నంబరును అట్టముక్కల మీద రాసి ఇరవై ముప్ఫై గేట్ల దగ్గర ఇచ్చి వచ్చాడు. పిలిచిన వాచ్‌మన్‌కు చాయ్ డబ్బులు ఇవ్వడం మరవడు. దుకాణం సరుకు 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు అడగండి. దారిలో ఆపితే జవాబు చెప్పవలసింది డ్రైవరే.

కిస్తీ నెలకు 11,000. నెల మొదటి పది రోజుల్లో అది పక్కకు తీయకపోతే తర్వాత తీయలేమని పుస్తకం చెబుతోంది. వానాకాలం రెండు నెలలు మా స్కాలర్‌షిప్ డబ్బు కూడా అందులో కలిసింది.

ఇప్పుడు అన్న 14 అడుగుల డీసీఎం తీసుకుందామంటున్నాడు. దానికి పర్మిట్ కావాలి, టైర్లే ఆరు, కిస్తీ రెట్టింపు దాటుతుంది. పుస్తకం ఇంకో ఆరు నెలలు రాశాక చూద్దామన్నాము. సరేనన్నాడు గాని, నిన్న ఫోన్ చేసినప్పుడు వెనక షోరూం వాళ్ళ మాటలు వినబడ్డాయి.