కాయను కోయకుండానే గట్టితనం తెలిపే అతిధ్వని

మామిడి కాయ ముదిరినదీ లేనిదీ తెలుసుకోవడానికి భుజాలు నిండడం, నీటిలో మునగడం వంటి లక్షణాలను రైతులు గమనిస్తారు. రంగును మాత్రమే నమ్మితే పొరపాటు తప్పదు. కాల్షియం కార్బైడుతో మాగబెట్టిన లేతకాయ తొక్క పసుపుబారినా, గుజ్జు సమంగా మెత్తబడదు. ఈ పద్ధతిని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి.

గట్టితనాన్ని కొలవడానికి 1925లో అమెరికాలో మాగ్నెస్, టేలర్‌లు వివరించిన పీడన పరీక్ష నేటికీ ప్రామాణికమే. సుమారు 8 లేదా 11 మిల్లీమీటర్ల వ్యాసం గల కడ్డీ గుజ్జులోకి దిగడానికి కావలసిన బలాన్ని ఇందులో నమోదు చేస్తారు. గుచ్చిన కాయ అమ్మకానికి పనికిరాదు. అదే కాయలో రోజురోజుకూ కలిగే మార్పును పరిశీలించడమూ సాధ్యం కాదు.

ఈ లోపాన్ని అతిధ్వని సెన్సార్లు తీర్చగలవు. 20 కిలోహెర్ట్జ్‌కు మించిన పౌనఃపున్యం గల ధ్వనియే అతిధ్వని. సన్నని ఘనకడ్డీలో స్థితిస్థాపక గుణకం, సాంద్రతను తరంగవేగ వర్గంతో గుణించగా వచ్చే విలువకు సమానం. పండు కణజాలం ఇంత సరళమైనది కాదు. కణాల నడుమ ఉండే గాలి ఖాళీలు తరంగాన్ని చెదరగొట్టి క్షీణింపజేస్తాయి. అందువలన లోహాల పరీక్షలో వాడే మెగాహెర్ట్జ్ తరంగాలకు బదులు, పండ్లకు 50 కిలోహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలను ఎంచుకుంటారు.

ప్రసారిణిని, గ్రాహకాన్ని నిర్ణీత దూరంలో తొక్కపై ఆనించి తరంగవేగాన్ని, క్షీణతను లెక్కిస్తారు. ఇజ్రాయెల్‌లో అవకాడోపై జరిగిన పరిశోధనలలో, పండు మెత్తబడిన కొద్దీ క్షీణత పెరిగినట్లు గమనించారు. సెన్సారుకూ తొక్కకూ మధ్య పలుచని గాలిపొర మిగిలినా ధ్వనిలో అధికభాగం పరావర్తనం చెందుతుంది. కనుక ఆనించే ఒత్తిడి ప్రతిసారీ ఒకేవిధంగా ఉండాలి.

తొక్క మందం, ఉష్ణోగ్రత, టెంక సామీప్యం కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఒక రకానికి సరిపడే సమీకరణం మరొక రకానికి వర్తించకపోవచ్చు. ఈ అంశంపై పనిచేసే విద్యార్థులు ముందుగా అతిధ్వని కొలతను, వెంటనే అదే చోట పీడన కొలతను తీసుకోవాలి. కొన్ని కాయలతో సమీకరణాన్ని రూపొందించి, వేరే కాయలపై దానిని పరీక్షించాలి. బంగినపల్లి, తోతాపురి రకాలకు విడివిడిగా ఈ నిర్ధారణ జరిగిన పిమ్మటనే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పరికరాన్ని రైతులకు సిఫారసు చేయడం సమంజసం. పరికరం తప్పుగా చూపితే లేతకాయ కోసి నష్టపోయేది రైతే.