ఫెర్మా ఊహను వమ్ము చేసిన సంఖ్య

ముప్పైరెండు రెళ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన లబ్ధానికి 1 కలిపితే 429,49,67,297 వస్తుంది. ఈ బేసి సంఖ్య ప్రధాన సంఖ్యేనన్న నమ్మకం గణిత లోకంలో సుమారు 90 ఏళ్లు నిలిచింది.

ఆ నమ్మకానికి మూలం ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా. 2ను వరుసగా 1, 2, 4, 8, 16 ఘాతాలకు హెచ్చించి, ప్రతిసారీ 1 కలిపితే 3, 5, 17, 257, 65,537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాన్ని ఇలా రెట్టింపు చేస్తూ పోతే వచ్చేవన్నీ ప్రధానాలే అయివుంటాయని 1640లో ఆయన ఊహించాడు. నిరూపణ మాత్రం ఇవ్వలేకపోయాడు. వరుసలో ఆరోది మన సంఖ్య.

దీన్ని పరీక్షించడానికి తెలిసిన దారి, దాని వర్గమూలం వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడటం. 65,536 లోపు అలాంటివి 6,542 ఉన్నాయి. చేత్తో లెక్కకట్టేవారికి అది అలవిమాలిన పని. 1729లో గణితవేత్త గోల్డ్‌బాక్ ఈ ప్రశ్నను మరో గణితవేత్త ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో ఆయిలర్ జవాబు ప్రకటించాడు: ఆ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 67,00,417.

ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ఆయిలరే తర్వాత నిరూపించాడు. ఈ నియమానికి లోబడే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... వేలల్లో ఉన్న పరీక్షలు అయిదింటికి దిగివచ్చాయి.

641 ఈ సంఖ్యను భాగిస్తుందని భాగహారం చేయకుండానే తేల్చవచ్చు. 641 = 5⁴ + 2⁴ (625 + 16). కాబట్టి 2⁴ స్థానంలో 641 − 5⁴ రాయవచ్చు. 2³² అంటే 2⁴ × 2²⁸. అందువల్ల

2³² + 1 = 641 × 2²⁸ − (5⁴ × 2²⁸ − 1).

5 × 2⁷ = 640 కనుక, కుండలీకరణంలో ఉన్నది 640⁴ − 1. ఏ సంఖ్య నాలుగో ఘాతం నుంచి 1 తీసివేసినా, మిగిలినదాన్ని ఆ సంఖ్య కంటే 1 ఎక్కువైనది భాగిస్తుంది. అంటే ఇక్కడ 641. రెండు పదాలనూ 641 భాగిస్తున్నందున, మొత్తాన్నీ భాగించక తప్పదు.

ఈ సంఖ్య నుంచి 2 తీసివేస్తే వచ్చే 429,49,67,295కూ ఒక విశిష్టత ఉంది. అది ఫెర్మా మొదటి అయిదు సంఖ్యల లబ్ధం. గణితవేత్తలు గాస్, వాంట్జెల్ సిద్ధాంతాల ప్రకారం, కేవలం స్కేలు, వృత్తలేఖినితో గీయగల బేసి భుజాల క్రమ బహుభుజికి భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమే కావాలి; అలాంటి బహుభుజుల్లో మనకు తెలిసినంతవరకూ ఇన్ని భుజాలున్నదే అతి పెద్దది. ఆరో ఫెర్మా ప్రధానం దొరికితే తప్ప ఈ హద్దు చెరగదు.

అది ఇప్పటికీ దొరకలేదు. 2 ఘాతం 10,48,576గా ఉన్న ఫెర్మా సంఖ్యలో 3,15,653 అంకెలున్నాయి. అది ప్రధానం కాదని కంప్యూటర్లు రుజువు చేశాయి, కానీ దాని కారణాంకం ఒక్కటీ ఎవరికీ చిక్కలేదు. ప్రధానం కాదని తేల్చడం, ఏ సంఖ్య భాగిస్తుందో చెప్పడం రెండు వేర్వేరు సమస్యలు. 641 ఆ రెంటినీ ఒకేసారి పరిష్కరించింది. పెద్ద సంఖ్యల విషయంలో అలాంటి అదృష్టం అరుదు.