తాళపుచెవి యిచ్చితిమి గాని సమ్మతి యీయలేదు



మా నస్పూరు బొగ్గుగనుల ప్రాంతము. నా భర్త గనిలో పనిచేయుదురు. షిఫ్టువేళలు మారుచుండుటచే కారుపనులు నా వంతునకు వచ్చినవి. కొంతకాలము క్రిందట ఇంజను ఆయిలు మార్చుటకును, ముందుదీపము సరిచేయుటకును కారును డీలరువారి వర్కుషాపులో నప్పగించితిని. సాయంకాలము బిల్లు చూడగా బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ గూడ మార్చినట్లుండెను.

"నన్నేల అడుగలేదు?" అంటిని.

"అమ్మా, ఇవి మీకు తెలియవు గదా! అయ్యగారు కాదనరని మార్చితిమి" అనిరి.

ఆ సొమ్ము మా అమ్మాయి కళాశాల రుసుమునకై దాచినది. పాతసామాను చూపుమనగా బ్యాటరీ చూపిరి. ప్యాడ్లు పారవేసితి మనిరి. సొమ్ము చెల్లించినగాని తాళపుచెవి యీయమనిరి. గత్యంతరములేక చెల్లించి, "అడుగని పనులకు అభ్యంతరముతో చెల్లించితిని" అని బిల్లుపై వ్రాసి, దాని నకలు తీసికొంటిని. నేను సంతకము చేసిన జాబు కార్డులో రెండు పనులే యుండెను. అదియే నాకు రక్ష. దానిని జతపరచి ఉత్తరము వ్రాయగా, పక్షము దినములకు ఆ సొమ్ము తిరిగి వచ్చినది.

బ్రేకులు నిజముగా అరిగియున్నచో చెప్పుట మరమ్మతుదారుని ధర్మమే. కాని చెప్పుట వేరు, అడుగక మార్చుట వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒక పనికై అప్పగించిన వస్తువుపై ఆ పనికి తగినట్లు పడిన శ్రమకు కూలి రావలసియున్నప్పుడే దానిని నిలిపియుంచు హక్కు కలుగును. మన మడుగని పనికి ఆ మాట వర్తించునా?

ఉత్తరమునకు ఫలము లేనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. మనము నివసించు జిల్లాకు చెందిన కమిషనులోనే, రెండేండ్లలోపుగా, వకీలు లేకుండగనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

కనుక కారు నప్పగించునపుడు ఈ నాలుగు మాటలు మరువకుడు. పనులన్నియు, అంచనా వ్యయమును జాబు కార్డులో వ్రాయింపుడు. ఖాళీ కాగితముపై సంతకము చేయకుడు. "అదనపు పనికి ముందుగా నన్నడుగవలెను" అని మీ ఫోను సంఖ్యతో వ్రాయుడు. మార్చిన పాతసామాను తిరిగి యిమ్మనుడు.

చీర కొనునపుడు అంచు త్రిప్పి, చెంగు పరచి చూతుము. సంతకము చేయునపుడు కాగితము చదువరాదా?