చెట్టు గులాబీ

గులాబీ స్వభావతః పొద. నిటారైన ఒంటి కాండం మీద గొడుగులా విరగబూసే చెట్టు గులాబీని అంటు కట్టి తయారుచేస్తారు. మొండిగా పెరిగే ఒక గులాబీని రెండు మూడు అడుగుల ఎత్తు కాండంగా పెంచి, పైన బెరడు చీల్చి, కోరిన రకం కన్నును రెండు మూడు చోట్ల అందులో దూరుస్తారు. కళ్లు చిగిర్చాక మొదటి గులాబీ కొమ్మలన్నీ తీసేస్తారు. వేర్లూ కాండమూ ఒక రకానివి, తల మరో రకానిది.

పెంచేవాళ్ల శ్రమ చాలావరకు ఆ తలను బట్టే ఉంటుంది. ఒంటి కాడకు ఒక పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలు చూడముచ్చటగా ఉన్నా, వాటిలో చాలావాటికి మందుల పిచికారీ తప్పదు. తీరిక తక్కువైనవాళ్లకు గుత్తులుగా పూసేవే నయం. 1958లో జర్మనీలోని కోర్డెస్ నర్సరీ నుంచి వచ్చిన తెల్లని ఐస్‌బర్గ్ వాటిలో ఒకటి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో విలియం రాడ్లర్ రూపొందించగా 2000లో మార్కెట్లోకి వచ్చిన నాక్ అవుట్ మరొకటి. నాక్ అవుట్ వాడిన రేకులను తానే రాల్చుకుని, ఐదారు వారాలకోసారి మళ్లీ పూతకు వస్తుంది. ఐస్‌బర్గ్‌కు మాత్రం వాడిన గుత్తిని ఐదు రెక్కలున్న ఆకు పైన కత్తిరించాలి.

గులాబీకి అసలు శత్రువు నల్లమచ్చ తెగులు. ఆకు మీద అంచులు చెదిరిన గుండ్రటి మచ్చ పడి, చుట్టూ పసుపెక్కి, ఆకు రాలిపోతుంది. ఈ శిలీంధ్ర బీజాలు మొలకెత్తాలంటే ఆకు దాదాపు ఏడు గంటలు తడిగా ఉండాలి. అందుకే ఉదయం పూట, ఆకులు తడవకుండా మొక్క మొదట్లో మాత్రమే నీళ్లు పోయాలి. ఆరు గంటల ఎండ, గాలి ఆడే చోటు ఉంటే మందుల అవసరం బాగా తగ్గుతుంది. నాక్ అవుట్ నల్లమచ్చను గట్టిగా తట్టుకుంటుంది. తేమ ఎక్కువైన చోట ఐస్‌బర్గ్‌కు అది కొంత సోకుతుంది.

కాండం విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. పూల బరువుకూ గాలికీ అది అంటు దగ్గరే విరుగుతుంది. నాటేటప్పుడే అంటు వరకూ అందే ఊతకర్ర పాతి, మెత్తని గుడ్డతో వదులుగా కట్టాలి. తర్వాత పాతితే వేర్లు తెగుతాయి. అంటు కింద, కాండం మీద గానీ మొదట్లో గానీ వచ్చే పిలకలు మొదటి గులాబీవి. వాటి ఆకు తీరే వేరు. ఉపేక్షిస్తే బలమంతా లాగేసుకుని, పై తలను చంపేస్తాయి. కత్తిరిస్తే మళ్లీ వస్తాయి కాబట్టి లేతగా ఉండగానే మొదలంటా పీకేయాలి.

తెలుగు నేల మీద వానలు తగ్గాక, అక్టోబరులో, తలను సగానికి కత్తిరించి పశువుల ఎరువు వేస్తే చలికాలమంతా పూస్తుంది. మంచు కురిసే దేశాల్లో కత్తిరింపు వసంతారంభంలో చేస్తారు. అక్కడ అసలు ఇబ్బంది చలికాలం. పొద గులాబీ అంటును మట్టితో కప్పి కాపాడవచ్చు, చెట్టు గులాబీ అంటు గాలిలో ఉంటుంది. అలాంటిచోట పెద్ద కుండీలో పెంచి, ఆకు రాలాక వేడి పెట్టని గ్యారేజీలోకి చేర్చి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడు కాసిని నీళ్లు పోయడం మేలు.